అమాస నాడు విప్పిన డబ్బా

కంప్యూటర్ మా ఇంటికి వచ్చిన రోజు దాన్ని డాబా మీద ఎండలో పెట్టాను. అప్పట్లో అందరం అంతే కదా. పాల ప్యాకెట్‌ను సబ్బు నీళ్ళతో కడిగేవాళ్ళం, కూరగాయలను ఉప్పు నీళ్ళలో వేసేవాళ్ళం, కడగడానికి వీల్లేని వాటిని ఎండకు వదిలేవాళ్ళం. కొరియర్ అతను రెండు అట్టపెట్టెలు గేటు దగ్గర దింపి, దూరం నుంచే నా కూతుర్ని వాటి పక్కన నిలబెట్టి ఫొటో తీసుకుని పోయాడు. ఎన్ని చేతులు మారి వచ్చాయో తెలియని పెట్టెలు. ఎండలో పెట్టక మంచం మీద పడుకోబెట్టాలా?

మధ్యాహ్నానికి కంపెనీ నుంచి ఫోను. పెట్టెలు అందినట్టు ఫొటో వచ్చింది, ఇంకా ఎందుకు ఆన్ చేయలేదని. నా కూతురు కరెంటు లేదని ఏదో చెప్పి డాబా మీదికి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, గది కంప్యూటర్! మిరపకాయలు అనుకున్నవా?"

"మిరపకాయలైతే నిన్ను అడగకుంటనే ఎండబెడత. దీనికి నిన్ను అడుగుతున్న గద."

"ఎప్పుడు అడిగినవ్?"

"ఇగో, ఇప్పుడు. ఇంకో పూట ఉండనియ్యాల్నా, తియ్యాల్నా?"

ఆమె పెట్టెను ఎత్తుకుని మెట్లు దిగింది. అట్ట ఇంకా కాలుతూనే ఉంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ ప్రశాంతంగా తుమ్మే వీలు కూడా లేకుండా పోయింది.

మాది సూరత్ ఉధ్నాలో ఒక ఖాతా మీది గది. మరమగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు, మరమగ్గాన్ని సంచా అంటారు. కింద సంచాలు, పైన మేము. నా భర్త పెళ్ళికి ముందే సూరత్ వచ్చి, ఆ సంచాల మధ్యనే తల నెరిసినవాడు. లాక్‌డౌన్ పెట్టగానే అవి ఆగిపోయాయి. రైళ్ళు వదలగానే మా వాడలో సగం మంది ఊళ్ళకు పోయారు. మేము కూడా మూటలు కట్టాం. సరిగ్గా అప్పుడే మా ఒక్కగానొక్క కూతురికి ఈ పని దొరికింది. అంతకుముందు చీరల మార్కెట్‌లో ఒక దుకాణంలో బిల్లులు కొట్టేది. దుకాణం మూతపడింది. ఇప్పుడు వేరే ఊరి కంపెనీ ఒకటి ఆసుపత్రి బిల్లులు చూసి, వాటిని ఇన్సూరెన్స్ వాళ్ళ కోసం కంప్యూటర్లో ఎక్కించే పని ఇచ్చింది. ఉద్యోగం కాదు, కాంట్రాక్టు.

కట్టిన మూటలు విప్పాం. ఆ పని ఉన్నంత కాలం సూరత్‌లో ఉంటాం, అది పోతే రైలెక్కుతాం. ఊళ్ళో మాకు ఇల్లు లేదు, మగ్గం లేదు, పోతే ఎవరి వాకిట్లో దిగాలో కూడా తెలియదు. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు. అందుకే ఎవరూ పైకి అనలేదు.

"కాంట్రాక్ట్ అంటే ఏందే?" అని నా భర్త మొదటి రోజే కూతుర్ని అడిగాడు.

"పని నాది, కంప్యూటర్ వాళ్ళది, బాపూ."

"కరెంటు?"

"మనది."

"గది?"

"మనదే."

"ఖరాబైతే?"

"కంప్యూటర్ ఖరాబైతే వాళ్ళే బాగు చేయిస్తరు. నడవనంత సేపు నా టైమ్ కట్ అయితది."

"నువ్వు గాక ఇంకొకరు ఖరాబ్ జేస్తే?"

"బాపూ, జర ఊకో."

ఆయన ఊరుకునే మనిషి కాదు. తన తండ్రి మగ్గం గురించి మొదలుపెట్టాడు. ఊళ్ళో మగ్గం వాళ్ళ సొంతం, నూలు సావుకారుది. సావుకారు వారానికోసారి వచ్చి చీర చూసి పోయేవాడు తప్ప, మగ్గాన్ని ముట్టుకునేవాడు కాదు. సూరత్‌లో సంచా సేఠ్‌ది, చేతులు మనవి. సేఠ్ సంచా సేఠ్ ఖాతాలోనే ఉంటుంది, మన నెత్తి మీదికి రాదు. "ఇదేంది మరి? సంచా తెచ్చి మనింట్ల పెట్టి, మననే పక్కకు జరగమంటున్నరు!" అన్నాడు.

పక్కకు జరగమనడం నిజమే. ఆ బిల్లులు రోగుల సొంత విషయాలట. తెర మీద ఏముందో ఇంకొకరు చూడకూడదు, పని చేసే గదిలో ఇంకొకరు ఉండకూడదు, వెనక చప్పుడు వినబడకూడదు. ఉన్నది ఒకే గది. ఒక మూల పొయ్యి, ఒక మూల మంచం, ఇంకో మూల ఇప్పుడు కంప్యూటర్. నా పాత చీర ఒకటి తాడుకు వేలాడదీసి దాన్ని వేరే గది అనుకున్నాం. తెర పైన కన్ను లాంటి కెమెరా ఒకటి, పని సాగినంత సేపు తెరిచే ఉండేది. నా కూతురు ఆ చీర వెనక కూర్చుంటే, నేను పోపు పెట్టడానికి ఆమె చెవి నుంచి ఆ హెడ్‌ఫోన్ తీసే దాకా కాచుకునేదాన్ని. కుక్కర్ పెట్టి, విజిల్ వచ్చే సమయానికి పరుగెత్తి పొయ్యి ఆర్పేదాన్ని. ఏడాది పాటు మేము తిన్న పప్పు సగం ఉడికిందే.

ఒకసారి నా భర్త స్నానం చేసి, బనీను కోసం చీర పక్కకు జరిపి అటు దాటాడు. సాయంత్రానికి కంపెనీ నుంచి మెయిల్. పని చోట మూడో మనిషి కనిపించాడని, ఇది మొదటి హెచ్చరిక అని.

"మూడో మనిషా?" ఆయన తువ్వాలు భుజాన వేసుకుని గది మధ్యలో నిలబడ్డాడు. "ఈ గదికి కిరాయి కట్టేటోన్ని నేను. నేను మూడో మనిషిని ఎట్లయిన?"

"మొదటిది నేను. రెండోది కంప్యూటర్," అని నా కూతురు కళ్ళు తెర మీది నుంచి తిప్పకుండా అంది.

"మరి మీ అమ్మ?"

"అమ్మ ఇంకా కనబడలే."

నాకు నవ్వు రాలేదు. మూడు హెచ్చరికలు వస్తే కాంట్రాక్టు ముగిసినట్టేనని ఆమె నాకు విడిగా చెప్పింది.

ఇక్కడ నా సంగతి కూడా కొంత చెప్పాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. మా వాడ సంఘం హాల్లో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు తెలుగు చెప్పేవారు. మొదటిసారి బియ్యం సంచి మీది తెలుగు పేరు చదివినప్పుడు, ఆ సంచి ఖాళీ అయ్యాక కూడా పారేయలేదు. అప్పటి నుంచి కనబడిందల్లా చదవడం అలవాటైంది. పెళ్ళిపత్రికలు, మందుల చీటీలు, సంఘం వాళ్ళు అంటించే కాగితాలు, ఏదీ వదలను. ఆ కంప్యూటర్‌కు మాత్రం ముందూ వెనకా, పైనా కిందా అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. కంపెనీ పంపిన నియమాల కట్ట కూడా ఇంగ్లీషే. ఇంత కష్టపడి చదువు నేర్చుకుంటే, నన్ను నా ఇంట్లో ఆడించే కాగితం నాకు రాని భాషలో ఉంది. అడిగితే నా కూతురు, "అన్నీ అవ్వే అమ్మా, ముట్టద్దు, చూడద్దు, మాట్లాడద్దు," అనేది. ఆ కట్ట ఆమె కూడా మొత్తం చదవలేదని తర్వాత తెలిసింది.

వానలు పడ్డాక ఖాతా మళ్ళీ తెరిచారు, కానీ సగం రోజులే నడిచేది. నడిచిన రోజు కింది చప్పుడు నేలలోంచి మా కాళ్ళలోకి వచ్చేది. "మీ వెనక ఆ శబ్దం ఏమిటి?" అని కంపెనీవాళ్ళు అడిగితే నా కూతురు "బారిష్ హై మేడమ్" అనేది. ఎండాకాలంలో కూడా వాన పడుతోందనే చెప్పేది. చప్పుడుతో పాటు దారాల పీచు. సంచాలున్న చోట అది గాలిలోనే ఉంటుంది. కిటికీకి తడి గోనె కట్టినా ఆగదు. అన్నం మీద వాలుతుంది, దేవుడి పటం మీద వాలుతుంది, కనురెప్పల మీద వాలుతుంది. మూలలో చోటు చాలక మంచం కిందికి తోసిన ఆ కంప్యూటర్ డబ్బా ఏడాది పాటు దాన్ని పీల్చుకుంది.

రెండో ఏడు, రోగం రెండోసారి ఊరంతా తిరిగిపోయిన తర్వాత, ఆ డబ్బా మొరాయించడం మొదలుపెట్టింది. ముందు రొప్పేది. తర్వాత పెనంలా కాలేది. ఆ తర్వాత, నా కూతురు బిల్లు సగం ఎక్కించగానే ఉన్నట్టుండి ఆరిపోయేది. ఆరిన ప్రతిసారి కంపెనీ లెక్కలో ఆమె పని మానేసి లేచిపోయినట్టు. దాని మీద రెండో హెచ్చరిక వచ్చింది.

ఆమె ఫిర్యాదు పెట్టింది. ఫిర్యాదు అందిందని, ఏడు పనిదినాల్లో మనిషి వస్తాడని జవాబు. మనిషి రాలేదు. మళ్ళీ పెట్టింది. మీ ప్రాంతంలో కరోనా కారణంగా మనిషిని పంపలేకపోతున్నామని జవాబు. ఇంకోసారి పెడితే, మీ ఫిర్యాదు పరిష్కరించాం, మా సేవకు ఐదింటిలో ఎన్ని చుక్కలు ఇస్తారని అడిగారు.

"ఏం పరిష్కరించిండ్రే?" అన్నాను.

"ఏం లేదు. నా ఫిర్యాదును బంద్ జేసిండ్రు," అంది. ఏడవలేదు కానీ ముక్కు ఎర్రబడింది. డబ్బా పక్కన టేబుల్ ఫ్యాను పెట్టుకుని, దానికి గాలి కొడుతూ తాను చెమటలో కూర్చునేది. నా భర్త పొద్దున చాయ్ తాగుతూ అదంతా చూసేవాడు. మంచం మీది నుంచి వంగి ఆ డబ్బా చప్పుడు వినేవాడు, సంచా చప్పుడు విన్నట్టు తల పక్కకు పెట్టి. నేను అప్పుడే అనుమానించాల్సింది.

ఆ నెల అమాస ఆదివారం పడింది. అమాస నాడు మా వాళ్ళు మగ్గం నడపరు. ఊళ్ళో అంతే, మా ఖాతాలోనూ అంతే. మా సేఠ్ కూడా దాన్ని నమ్మే మనిషే. నడపరంటే ఊరికే ఉంటారని కాదు. ఆ రోజు సంచాను విప్పి, కుచ్చుతో పీచంతా దులిపి, తిరిగే చోటల్లా నూనె చుక్క వేసి, మళ్ళీ బిగించి, బొట్టు పెట్టి ఊదుబత్తి వెలిగిస్తారు. నా భర్తకు ఇది పండుగ కంటే ఎక్కువ. జ్వరం ఉన్నా మానడు.

ఆ ఆదివారం నా కూతురు ఊరి చివర కామ్‌రేజ్‌లో ఉన్న స్నేహితురాలిని చూడటానికి పోయింది. నేను బట్టలు ఆరేసి డాబా దిగేసరికి, నా భర్త కింద సంచాల పని ముగించుకుని పైకి వచ్చి ఉన్నాడు. మంచం కింది డబ్బాను బయటికి లాగి, పాత దుప్పటి మీద పక్కకు పడుకోబెట్టాడు. ఒక వైపు రేకు అప్పటికే ఊడి గోడకు ఆనుకుని ఉంది.

"ఏందయ్యా అది! ఎవరు విప్పుమన్నరు?"

"ఇటు రా. ఒక్కసారి చూడు, తర్వాత తిట్టు."

చూశాను. లోపల ఉన్న చిన్న ఫ్యాను కనబడటమే లేదు. బూడిద రంగు పీచు దాని చుట్టూ గడ్డలా కట్టుకుపోయింది. ఆయన రెండు వేళ్ళతో దాన్ని పట్టి లాగితే పిల్లి తోకంత వచ్చింది.

"ఇది గొంతుల పెట్టుకొని ఎట్ల ఊపిరాడతది దీనికి? బిడ్డను వట్టిగనే తిడుతున్నరు."

"బిడ్డ వచ్చినంక అడిగి చెయ్యరాదూ?"

"అడిగితే వద్దంటది. అందుకే అడగలే."

ఈ మనిషితో ముప్పై ఏళ్ళుగా నా కాపురం ఇలాగే సాగింది. నేను అరుస్తూనే ఉన్నాను, ఆయన కుచ్చుతో దులుపుతూనే ఉన్నాడు. ఫ్యాను మధ్యలో సన్నని నూనె ఒక చుక్క వేశాడు, సూది మొనతో, మందు వేసినట్టు. రేకు బిగించాడు. ముందు వైపు కుంకుమ బొట్టు పెట్టి ఊదుబత్తి తిప్పాడు. అప్పుడు గానీ నేను గోడకు అంటించి ఉన్న వెండి రంగు స్టిక్కర్ చూడలేదు. అంతకుముందు అది రేకు అతుకు మీద అడ్డంగా ఉండేది. విప్పే ముందు ఆయన దాన్ని జాగ్రత్తగా ఒలిచి గోడకు అంటించాడట, ఇప్పుడు తీసి మళ్ళీ దాని చోట పెట్టాడు. కానీ ఒలిచేటప్పుడు దాని వెండి సగం రేకు మీదే ఉండిపోయి, అంతకుముందు లేని ఇంగ్లీషు అక్షరాలు రెండు చోట్లా బయటపడ్డాయి. ఒకే మాట, వరుసగా, మళ్ళీ మళ్ళీ.

"ఇదేం రాసింది?" అన్నాను.

"కంపెనీ పేరు గావచ్చు," అన్నాడు. గమ్ రాసి గట్టిగా అదిమి, డబ్బాను మంచం కిందికి తోశాడు.

సోమవారం పొద్దున కంప్యూటర్ చప్పుడు లేకుండా నడిచింది. నా కూతురు రెండుసార్లు వంగి అది ఆన్ అయిందో లేదో చూసుకుంది. నా భర్త పెళ్ళికొడుకులా మంచం అంచున కూర్చున్నాడు, అడిగితే చెబుదామని. ఆమె అడగలేదు. మధ్యాహ్నం దాకా అంతా బాగానే ఉంది. నేను ఆ రోజు పప్పు పూర్తిగా ఉడకబెట్టాను.

అన్నం తినే వేళకు కంపెనీ నుంచి మెసేజ్. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళందరూ తమ డబ్బా మీది సీలు ఫొటో తీసి సాయంత్రంలోగా పంపాలి. నా కూతురు ఎంగిలి చేయి అలాగే ఉంచి, ఫోను పట్టుకుని మంచం కిందికి దూరింది. బయటికి రావడానికి చాలా సేపు పట్టింది.

"దీన్ని ఎవరు విప్పిండ్రు?"

నా భర్త గర్వంగా చేయి లేపాడు. తర్వాత ఆమె ముఖం చూసి దించాడు.

"బాపూ, గది సీలు! విప్పితే అక్షరాలు బయటపడతయి. విప్పిండ్రు అని రాసుంది దాని మీద!"

"మరి మనిషి రాకపాయె. నేను పీచు తీసిన, అంతే గద."

"నువ్వు పీచు తీసినవో, లోపలున్న రోగుల కాగితాలు తీసినవో వాళ్ళకెట్ల తెలుస్తది?"

"కాగితాలా? అండ్ల కాగితాలు ఎక్కడున్నయే? నాకైతే పీచే కనబడ్డది."

ఆమె తల పట్టుకుంది. నేను ఇద్దరినీ తిట్టాను. ఆయన విప్పినందుకు, ఆమె ఆ స్టిక్కర్ సంగతి ఇంట్లో ఒక్క మాట చెప్పనందుకు. "కుక్కర్ సంగతి చెప్పినవ్, తుమ్ము సంగతి చెప్పినవ్, బనీను సంగతి చెప్పినవ్, ఇది చెప్పకపోతివి!" అంటే, "నాకు తెలిస్తే గద!" అని అరిచింది. ఆ కట్టలో ఎక్కడో చివరి కాగితం మీద ఉందట.

మా అరుపులకు ఎదురు గది వదినె తలుపు దగ్గరికి వచ్చింది. ముక్కు మీది మాస్క్ గడ్డం కిందికి లాక్కుని అంతా విన్నది. ఆమె భర్త చీరల లేబుళ్ళు అచ్చు వేసే చోట పని చేస్తాడు.

"గింత దానికేనా లొల్లి? ఒక ఫొటో పెట్టుండ్రి. పొద్దుగూకే వరకు అసొంటిదే తెచ్చిస్తడు. సూరత్‌ల అచ్చు గాని స్టిక్కర్ ఉంటదా? ఎంత పెద్ద కంపెనీ చీర లేబుల్ అయినా మావోడు కొట్టిస్తడు."

నా భర్త అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. నేను ఆయన చేతికి మాస్క్ కూడా ఇచ్చాను. ఏడాది మెయిళ్ళు, అబద్ధపు వానలు, సగం ఉడికిన పప్పు, ఇవన్నీ మోశాక ఒక స్టిక్కర్‌కు రైలెక్కడం నాకు ఇష్టం లేదు.

"కూసో బాపూ," అంది నా కూతురు.

"సీలు మీది నంబర్ గూడ అట్లనే కొడ్తరటనే."

"కొడ్తరు. రేపు ఇంకోటి అడుగుతరు. దానికి ఇంకో అబద్ధం జెప్పాలె. వానలతోనే నా నోరు నొస్తున్నది." ఎంగిలి చేయి కడుక్కుని వచ్చి ఫోను కలిపింది.

అటు వైపు ఆమె పైఅధికారి, నేను గొంతు మాత్రమే ఎరిగిన ఆడమనిషి. మా కూతురు ఉన్నదున్నట్టు హిందీలో చెప్పింది. తర్వాత అధికారి, లోపలి భాగాలను ఎవరు తాకారు, వాళ్ళకు ఏ అర్హత ఉంది, ఏ పనిముట్లు వాడారు అని ఒక్కొక్కటి అడిగి రాసుకోసాగింది. నా భర్తకు ఓపిక చాలలేదు. చెత్త తీసి నూనె కూడా వేశానని తానే చెప్పడానికి ఫోను లాక్కున్నాడు.

"మేడమ్, మైఁ బాప్ బోల్‌రహా హూఁ. అందర్ కచరా థా. నికాల్‌దియా. తేల్ భీ డాలా."

"తేల్?" అంది అటు గొంతు.

"ఏక్ బూంద్. జ్యాదా నహీఁ. ఔర్ అగర్‌బత్తీ."

నా కూతురు గోడకు నుదురు ఆనించింది. సరిగ్గా అప్పుడే ఫోనులో, ఆ అధికారి వెనక, కుక్కర్ కూత వినబడింది. ఒకటి, వెంటనే రెండోది. "ఏక్ మినిట్," అని ఆమె పరుగెత్తిన చప్పుడు. మా ఇంట్లో కుక్కర్ కూస్తే మెయిల్ వస్తుంది. ఆమె ఇంట్లో కూస్తే ఎవరు పంపుతారో అని నేను నోరు తెరవబోతే, నా కూతురు కళ్ళతోనే మూయించింది.

తిరిగి వచ్చి ఆమె చెప్పింది ఇంతే. ఆ కంప్యూటర్‌ను ఇప్పుడే ఆపేయాలి. పెట్టెలో సర్ది కొరియర్‌కు ఇవ్వాలి. కాంట్రాక్టు సంగతి పైవాళ్ళు చూసి చెబుతారు.

పైవాళ్ళు తీరిగ్గానే చూశారు. ఆ రోజుల్లో మా ఇంట్లో తాలింపు ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకోవచ్చు, ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా తుమ్మవచ్చు. ఎవరికీ తుమ్ము రాలేదు. నా భర్త నూలు చుట్టిన సంచా బీమును సర్దినట్టు చుట్టూ గుడ్డలు పెట్టి ఆ డబ్బాను పెట్టెలో సర్దాడు. కొరియర్ అతను పోయాక మంచం కింద నలుచదరంగా, దుమ్ము లేని జాగా ఒకటి మిగిలింది. ఆయన రోజూ దానికేసి చూసేవాడు. అటక మీది మూటలు కట్టే గుడ్డలు తీసి, నేను ఉతికి ఆరేశాను.

చివరికి జవాబు వచ్చింది. పనిలో తప్పులు లేవు కాబట్టి కాంట్రాక్టు ఉంచుతున్నారు. కానీ కంపెనీ కంప్యూటర్ ఇక ఇవ్వరు. సొంతది కొనుక్కుంటే అందులో వాళ్ళ ప్రోగ్రాం వేస్తారు. తిరిగి అందిన డబ్బా గురించి కూడా ఒక కాగితం పంపారు. సీలు చిరిగింది, ముందు వైపు ఎర్రని మరక ఉంది అని.

"మరకనా?" అన్నాడు నా భర్త. ఆయనకు అన్నిటికంటే ఆ మాటే ఎక్కువ తగిలింది.

నా చిట్టీ ఎత్తి, మూతపడ్డ ట్యూషన్ క్లాసు వాళ్ళ దగ్గర పాత కంప్యూటర్ ఒకటి కొన్నాం. ఈసారి ఎండలో పెట్టలేదు, డబ్బాను మంచం కింద కాకుండా కుర్చీ పక్కన పీట మీద ఉంచాం. కంపెనీవాడు ఎక్కడో కూర్చుని అందులో ప్రోగ్రాం వేశాడు. ఎవరూ ముట్టకుండానే తెర మీది బాణం అటూ ఇటూ తిరుగుతుంటే మేము ముగ్గురం నిలబడి చూశాం. అది అయ్యాక నియమాలు మళ్ళీ వచ్చాయి. కెమెరా అదే, చీర తెర అదే, కుక్కర్ అదే. కొత్తది ఒక్కటే. చెడిపోతే బాగు చేయించుకునేది ఇక మేమే.

"అంటే మగ్గం మనది, నూలు వాళ్ళది," అన్నాడు నా భర్త, కొంచెం సంతోషంగా. తర్వాత ఆలోచించి, "మరి తాళం కూడా వాళ్ళదే ఎట్లయింది?" అన్నాడు.

పని నిలబడింది, రైలెక్కే పని తప్పింది. అది చాలనుకోవాలి. చాలనుకుంటే మా ఇల్లెందుకవుతుంది?

పొలాల అమాస వచ్చింది. ఆయన కింద సంచాలు దులిపి, చేతులు కడుక్కుని, కుచ్చు పట్టుకుని పైకి వచ్చాడు. ఈసారి మర్యాదగా చీర తెర ఇవతలే నిలబడ్డాడు.

"బిడ్డా, దీన్ని విప్పొచ్చునా?"

"ఉండు బాపూ, అడిగి చెప్త."

"ఎవర్ని?"

"కంపెనీని. లోపల ఏదన్న ముడితే వాళ్ళకు చెప్పాలె."

"మనం కొన్నదానికి?"

ఆమె మెసేజ్ పెట్టింది. మీ ప్రశ్న అందింది, ఏడు పనిదినాల్లో జవాబిస్తాం అని వచ్చింది. ఆయన కుచ్చు పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఏడు రోజులూ అలాగే కూర్చుంటాడేమో అన్నట్టు కూర్చున్నాడు. ఆమె కీబోర్డు కొడుతూనే ఉంది. ఆయన నిట్టూరుస్తాడు, ఆమె పళ్ళు కొరుకుతుంది. ఇటు నా కూర మాడుతోంది.

పొయ్యి ఆర్పాను. క్యాలెండర్‌లో పోయిన నెల కాగితం చింపి, వెనక వైపు మార్కర్‌తో నాకు చేతనైనంత పెద్ద అక్షరాలు రాశాను. రెండు మెతుకులు నలిపి, ఆ కాగితాన్ని డబ్బా అతుకు మీద, ఆ వెండి స్టిక్కర్ ఉండాల్సిన చోటే అంటించాను. నా కూతురు హెడ్‌ఫోన్ తీసి వంగి చదివింది.

"ఇది మాది. దుమ్ము దులపవచ్చు."

"అమ్మా! ఎవరన్న చూస్తే?"

"చూడనీ. చదువుకోనీ."

"వాళ్ళకు తెలుగు రాదు."

"నాకు ఇంగ్లీష్ వచ్చిందా?"

ఆమె కంప్యూటర్ ఆపి, కుర్చీ వెనక్కి జరిపింది. నా భర్త నేను అంటించిన కాగితాన్ని చెడకుండా ఒలిచి గోడకు అతికించి, రేకు విప్పాడు. పని అయ్యాక మళ్ళీ దాని చోట పెట్టాడు. మెతుకు ఆరలేదు కాబట్టి బాగానే అంటుకుంది. బొట్టు మాత్రం వెనక వైపు పెట్టాడు, కనబడకుండా.

కంపెనీ జవాబు ఇప్పటికీ రాలేదు. నా కాగితం అక్కడే ఉంది, అంచులు పసుపెక్కాయి. వీడియో ఫోను వచ్చినప్పుడల్లా నా కూతురు దాని మీద తువ్వాలు కప్పుతుంది. ఫోను అయిపోయాక తీయడం మరిచిపోతుంది. డబ్బా వేడెక్కుతుందని ఆయన అరుస్తాడు, నేను లేచి తీస్తాను.